ట్రంక్ కాల్ చీటీ, సాకెట్ కాల్‌బ్యాక్

ఎస్‌టీడీ అందుబాటులోకి రాకముందు సిద్దిపేట నుంచి హైదరాబాదు మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేయాల్సిందే. దూరం చూస్తే నూరు కిలోమీటర్లే. ఎక్స్ఛేంజికి చెబితే ఆపరేటర్ చీటీ రాసుకునేవారు: అడిగిన నంబరు, కావలసిన నంబరు, బుక్ చేసిన టైము, ఆర్డినరీయా, అర్జెంటా, లేక ఎనిమిది రెట్లు చార్జీ పడే లైట్నింగా. ఇక రిసీవర్ పెట్టేసి ఎవరి పని వాళ్లు చూసుకోవచ్చు. లైను దొరికాక ఎక్స్ఛేంజే తిరిగి ఫోన్ చేసేది. నెట్‌వర్క్ ప్రోగ్రామర్లు ఎసింక్రనస్ కాల్‌బ్యాక్ అనేది అచ్చంగా ఈ పద్ధతినే. దాన్ని వేగం కోసం కనిపెట్టిన కొత్త విద్యలా పాఠాల్లో చెబుతారు. నిజానికి అది కొరత నేర్పిన విద్య. తీగలు తక్కువ, మాట్లాడాల్సినవాళ్లు ఎక్కువ అయినచోట లైను పట్టుకుని కూర్చునే హక్కు ఎవరికీ ఉండదు.

కంప్యూటర్లలోనూ జరిగింది అదే. 1983లో 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో, నెట్‌వర్క్ మీద ప్రోగ్రాములు మాట్లాడుకునే సాకెట్లు వచ్చాయి. సాకెట్ నుంచి చదవమని అడిగితే అవతలి నుంచి బైట్లు వచ్చేదాకా ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది. అనేక సాకెట్లను ఒకేసారి కనిపెట్టి ఉండే సెలెక్ట్ కూడా అప్పుడే వచ్చింది గానీ, చాలా సర్వర్లు కనెక్షనుకో ప్రాసెస్‌ను కేటాయించి గడిపేశాయి. యూనిక్స్ మిషన్ల మీద ఆ దర్జా చెల్లింది, విండోస్ 3.1లో చెల్లలేదు. అక్కడ ఒక ప్రోగ్రామ్ ఆగితే తెర మొత్తం బిగుసుకుపోయేది. అందుకే 1993 నాటి విన్‌సాక్ 1.1లో, డేటా వచ్చినప్పుడు ప్రోగ్రామ్‌కు మెసేజ్ పంపే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. పేద మిషనే ముందు దారి పట్టిందన్నమాట. పెద్ద సర్వర్లకు ఆ సెగ 1999లో తగిలింది. ఒకే మిషన్ పదివేల కనెక్షన్లను ఎలా మోయాలని డాన్ కెగెల్ ప్రశ్న లేవనెత్తింది ఆ ఏడే. 2000లో ఫ్రీబీఎస్‌డీలో కేక్యూ, 2002లో లైనక్స్‌లో ఈపోల్ జవాబుగా వచ్చాయి.

పోలిక పైపైదే, ఆపరేటర్ మనిషి, కబురు చేసే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) యంత్రం అని కొట్టిపారేయవచ్చు. కానీ చీటీని కాస్త దగ్గరగా చూడండి. గంట తర్వాత లైను దొరికినప్పుడు అది ఎవరి కోసమో గుర్తుచేసేది ఆ చీటీయే. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో డాట్‌నెట్ నేర్చుకున్న తరానికి, సాకెట్ నుంచి చదవమని అడిగే బిగిన్‌రిసీవ్ గుర్తుండే ఉంటుంది. దానికి బఫర్, కాల్‌బ్యాక్ ఇచ్చాక చివరన స్టేట్ అని ఇంకోటి ఇవ్వాలి. అదెందుకో తెలియక నల్ అని పెట్టేసినవాళ్లు తక్కువేం కాదు. ఆ చివరిదే చీటీ. అది లేకపోతే కబురు వస్తుంది, ఎవరిదో తెలియదు. ఈపోల్‌లోనూ ప్రతి సాకెట్‌తో పాటు ఇలాంటి గుర్తు పెట్టుకునే చోటు ఉంది.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకోటుంది: కాల్‌బ్యాక్‌లతో కోడ్ ముక్కలైపోతుంది, థ్రెడ్లు వాడితే వరుసగా చదువుకోవచ్చు. ఈ తగవు పాతదే. థ్రెడ్లు చాలా పనులకు తగవని 1995లో జాన్ ఔస్టర్‌హౌట్ వాదిస్తే, 2003లో బర్క్‌లీ పరిశోధకులు ఈవెంట్లే తప్పుదారి అన్నారు. చదివేవాడి కష్టం విషయంలో బర్క్‌లీ వాళ్ల మాటే నిజం. అయితే కోడ్‌ను మళ్లీ వరుసగా రాయనిచ్చేలా తర్వాత వచ్చిన అవెయిట్ కూడా కాల్‌బ్యాక్‌ను తీసేయలేదు. 2012 నుంచి సీషార్ప్‌లో ఆ చీటీని మన బదులు కంపైలర్ రాస్తోంది, అంతే.

మెమరీ చవకై, ఫైబర్ వచ్చి, 2023లో సిద్దిపేటలోనే ఐటీ టవర్ తెరిచాక ఇంకా కొరతేమిటని అడగవచ్చు. జవాబు చెల్లింపుల్లో కనిపిస్తుంది. 2016 చివర నోట్ల రద్దు తర్వాత పక్కనున్న ఇబ్రహీంపూర్ నగదు రహిత గ్రామమని వార్తల్లోకెక్కింది. అప్పట్లో ఆసరా స్వైప్ మిషన్. అదే ఏడాది వచ్చిన యూపీఐ వేరే దారి పట్టింది. అందులో అడిగినవారికి ముందు అందిందని మాత్రమే కబురు వెళుతుంది, అసలు జవాబు తర్వాత విడిగా వస్తుంది. ఒక్క చెల్లింపులో కట్టేవారి బ్యాంకు, తీసుకునేవారి బ్యాంకు, నడుమ యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఉంటాయి. వీటిలో ఏది ఎప్పుడు నెమ్మదిస్తుందో ముందే చెప్పలేం. తీగల కొరత తీరింది గానీ అవతలివాడు ఎప్పుడు పలుకుతాడన్నది ఇప్పటికీ మన చేతిలో లేదు. కిరాణా కొట్టు దగ్గర ఫోన్‌లో కనిపించే పెండింగ్, ఇంకా తిరిగి రాని కాల్‌బ్యాకే. ఆ కబురు రాకపోతే ఎంతసేపు చూడాలి, రెండుసార్లు వస్తే ఏం చేయాలి అన్నవి తేల్చుకోకుండా కాల్‌బ్యాక్ రాసేవారు సగం పనే చేసినట్టు.