డొక్కల కరువు మొదలు బొజ్జల కాలము వరకు

చిరకాలమునకు కనిపించిన బంధువును "అయ్యో, ఎంత చిక్కిపోయినావు!" అని పలుకరించుట మన తెలుగువారి మర్యాద. "కాస్త ఒళ్ళు చేసినావు" అనుట మెచ్చుకోలు. యానాంలో నేటికిని ఈ మాటలు వినబడును. పుదుచ్చేరిలోను, చెన్నపట్టణములోను తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలోను వినబడును. ఈ పలుకరింపు ఎట్లు పుట్టినదో, అది నేడు మనకు తగునో లేదో కొంచెము విచారింపదలచితిని.

నందన సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు సీమను పీడించిన కాటకమునకు జనులు డొక్కల కరువని పేరిడిరి. వేరు వర్ణన అక్కరలేదు. గోదావరి డెల్టాకును అప్పటికి ఆనకట్ట లేదు. దౌలేశ్వరమున ఆ పని 1852లో గాని పూర్తి కాలేదు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన యానాంకు పొరుగుననున్న కోరంగి రేవును ధ్వంసము చేసినది. ఇట్టి దినములలో ఒకడు ఒళ్ళు చేసినాడనగా వాని గాదెలో ధాన్యమున్నదని అర్థము. మెచ్చుకోలు అక్కడ పుట్టినది.

గాదెలో ధాన్యము లేనివారు ఓడ ఎక్కిరి. ఫ్రెంచివారి యేలుబడిలో నున్న యానాం నుండి 1828లో పదునైదుగురు తెలుగు కూలీలు ఒప్పందము మీద బూర్బోను దీవికి, అనగా నేటి రియూనియన్‌కు పోయిరి. ఆ దీవికి ఒప్పందపు కూలీలుగా పోయిన భారతీయులలో వీరే మొదటివారని చరిత్రకారులు చెప్పుదురు. తరువాత మారిషస్‌లో 1835లోను, రియూనియన్‌లో 1848లోను బానిసత్వము రద్దు కాగా, చెరకు తోటల దొరలకు మన కూలీల అవసరము పెరిగినది. కోరంగి రేవున ఓడ ఎక్కి మారిషస్ చేరిన తెలుగువారికి అచ్చట "కోరింగీలు" అను పేరే నిలిచిపోయినది.

మారిషస్ ఒప్పందములలో సాధారణముగా కూలీకి నెలకు 5 రూపాయల జీతము, దినమునకు 2 పౌనుల బియ్యము, అర పౌను పప్పు, కొంత నెయ్యి, ఉప్పు వ్రాయబడియుండెడివి. కాగితము మీద వ్రాసినదంతయు కూలీ చేతికి అందెనని నేను నమ్మను. ఉద్యోగకాలమంతయు పద్దులు వ్రాసిన గుమాస్తాను గనుక పద్దునకును పళ్ళెమునకును గల దూరము నేనెరుగుదును. అయినను ఆ లెక్క గమనింపదగినది. రెండు పౌనుల బియ్యమనగా సుమారు 900 గ్రాములు. దానినుండియే 3,000 కేలరీలకు పైగా వచ్చును. తెల్లవారుజాము మొదలు ఎండలో చెరకు నరకువానికి అది ఎక్కువ కాదు, బహుశః చాలదు కూడ. కాని ఆ కూలీ మనుమడు కత్తి విడిచి పట్టణమున కార్యాలయములో కుర్చీ మీదనో, అంగడిలో బల్ల వెనుకనో కూర్చుండెను. చెమట మానినది, అన్నపు రాశి మాత్రము అంత త్వరగా తగ్గలేదు. దానికి తోడు తీపి పానీయములు వచ్చినవి.

రియూనియన్‌లో 1999-2001 సంవత్సరములలో జరిగిన పరిశోధనలో 30 మొదలు 69 ఏండ్ల వయసు వారిలో దాదాపు ఆరుగురికి ఒకరు చొప్పున మధుమేహము కలవారని తేలినది. ఆ దీవి జనులు ఒక్క జాతివారు కారు. ఆఫ్రికా సంతతివారు, మన మలబారులు (తమిళులను తెలుగువారిని కలిపి అక్కడ ఆ పేరుతోనే పిలుతురు), చీనావారు, గుజరాతు ముస్లిములు, తెల్లవారు కలిసి బ్రతుకుచున్నారు. మూడవ వంతునకు పైగా జనులు పేదరికపు గీతకు దిగువ నున్నవారే. ఇట్టివారిని చూచి తిండిపోతులనుట సులభము. అయితే 2013 జూన్‌లో ఫ్రాన్సు దేశము చేసిన ఒక చట్టమును చూడుడు. దానిని ప్రతిపాదించిన మంత్రి పేరిట లూరెల్ చట్టమందురు. ఒకే కంపెనీ, ఒకే పేరు గల పానీయములోను, పెరుగులోను ఫ్రాన్సులో అమ్ము సరుకు కంటె సముద్రాంతర సీమలలో అమ్ము సరుకునందు చక్కెర ఎక్కువ కలుపరాదని ఆ చట్టము శాసించినది. అనగా అంతవరకు కలుపుచుండిరన్నమాట! చక్కెర పండించుటకు మనవారిని కొనిపోయిన దీవులలోనే వారి మునిమనుమల సీసాలలో ఎక్కువ చక్కెర పోసిరి. ఈ సంగతి చదివిన నాడు నాకు కోపము వచ్చినదని ఒప్పుకొందును.

మారిషస్ కథ వేరు. 1987లో అచ్చట జరిపిన సర్వేలో హిందువులు, ముస్లిములు, క్రియోలులు, పోర్టులూయీ చీనాపేటవారు, అందరిలోను మధుమేహము పదింట ఒకరికో అంతకు మించియో కనబడినది. వేర్వేరు ఖండముల నుండి వచ్చినవారికి ఒకే వ్యాధి ఇంతగా పట్టినప్పుడు, ఇది కేవలము భారతీయుల రక్తములోని దోషమనుట చెల్లదు. ప్రభుత్వము ఉపన్యాసములతో ఊరకుండలేదు. రేషను నూనెలో అధికభాగము తాటినూనె యుండగా, దానిని మార్చి సోయా నూనె నిప్పించినది. అయిదేండ్లలో జనుల రక్తములో కొలెస్టెరాలు సగటున డెసిలీటరుకు సుమారు 213 మిల్లీగ్రాముల నుండి 182కు దిగినది. ఏ ఇల్లాలును వంట మార్చుకొనలేదు. అంగడిలోని డబ్బా మారినది, అంతే. కాని అదే అయిదేండ్లలో స్థూలకాయులు తగ్గకపోగా పెరిగిరి. నూనె మారిన గుండెకు మేలు కలిగినది గాని నడుము తగ్గలేదు.

ఇదంతయు దూరదేశపు ముచ్చటయని పాఠకులు తలపవచ్చును. భారత వైద్య పరిశోధన మండలి వారి దేశవ్యాప్త సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. స్థూలకాయములో రాష్ట్రములన్నిటికంటె, కేంద్రపాలిత ప్రాంతములన్నిటికంటె ముందున్నది యానాం చేరియున్న పుదుచ్చేరి ప్రాంతమే: నూటికి 53.3 మంది. దేశపు సగటు 28.6. బొజ్జ కలవారు నూటికి 61.2 మంది. మధుమేహములో 26.3 శాతముతో గోవాకు ఒక్క మెట్టు దిగువ నిలిచినది. ఓడ ఎక్కినవారి సంతతికే కాదు, రేవులో నిలిచినవారి సంతతికిని అదే గతి పట్టినది.

తరవాణి త్రాగి, పొలము గట్ల వెంట నడచిన తరము పోయినది. మరపట్టిన తెల్లని బియ్యము మూడు పూటల వచ్చినది. పండుగకు మాత్రమే చేసికొను కాకినాడ కాజా, పూతరేకు ఇప్పుడు ఏ వేళకైనను పొట్లమై వచ్చును. వీనిలో ఏ ఒక్కటియు నేరము కాదు. నేనును కాజా తినువాడనే.

పూనా వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ గారు చూపిన మరొక సంగతి మనవారు తెలిసికొనవలెను. మన శిశువులు తూకమునకు తక్కువగా పుట్టినను, ఆ చిన్న దేహములోనే క్రొవ్వు పాలు ఎక్కువ. అనగా చిక్కినట్లు కనబడువానికిని లోపల బొజ్జ వ్యాధి యుండవచ్చును. కావుననే మనవారికి కొలత నడుము వద్ద తీయుదురు: పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80, అటుపైన వైద్యునికి చూపించుకొనవలసినదే.

వచ్చే ఉగాదికి మన సంఘము వారు విందు ఏర్పాటు చేసినప్పుడు వాకిట పన్నీరుబుడ్డి ప్రక్కన ఒక దర్జీ టేపు కూడ ఉంచవలెనని కార్యదర్శి గారికి వ్రాసితిని. ఆయన నవ్వి, పులిహోరకు ముందా తరువాతా అని అడిగిరి. ముందే అని జవాబు వ్రాసితిని.