ఆసుపత్రియే కాపురముగా

రెసిడెంటు అను మాట పుట్టిననాడు దానికున్న యర్థము మిక్కిలి సూటియైనది: ఆసుపత్రిలోనే కాపురముండు వైద్యుడు. 1923లో విశాఖపట్టణమున వెలసిన మన వైద్యకళాశాల బ్రిటిషు బాటను బట్టినది గాన అచ్చట హౌస్ సర్జన్ అను పేరు వాడుకకు వచ్చెను. పేరేదైనను అందులో ఇల్లున్నది. ఇల్లాలు మాత్రము లేదు. వెనుకటి రెసిడెంట్లు బ్రహ్మచారులుగనే యుండవలెనని పెద్దల యభిమతము.

అమెరికాలోని బాల్టిమోరు నగరమున 1889లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిని తెఱచిననాడు, గుమ్మటముతో నొప్పు ప్రధానభవనమున ఈ యువవైద్యులు నివాసమేర్పఱచుకొనిరి. వార్డులున్నవి, రోగులున్నారు, చికిత్స చేయు రెసిడెంట్లున్నారు. విద్యార్థులు మాత్రము లేరు. దాత వ్రాసియిచ్చిన రైల్వే వాటాలపై రాబడి పడిపోవుటచే ఆసుపత్రితో ముడిపడిన వైద్యకళాశాల నిలిచిపోయెను. స్త్రీలను పురుషులతో సమానముగ చేర్చుకొనవలెనను నియమముతో మేరీ గారెట్ అను వనిత మూడు లక్షల డాలర్లకు పైగా నొసగిన పిమ్మట, 1893లో గాని దాని తలుపులు తెఱవబడలేదు. ఈ తీరుబడిలోనే ఆ యాసుపత్రి ప్రధానవైద్యుడగు విలియం ఆస్లర్ తన సుప్రసిద్ధ వైద్యగ్రంథమును రచించి 1892లో వెలువరించెను. ధనాభావము సైతము ఒక్కొక్కప్పుడు శాస్త్రమున కుపకరించును.

విద్యార్థులు పైతరగతులకు వచ్చిన పిదప ఆస్లర్ వారిని ఉపన్యాసశాలనుండి వార్డులకు దింపి, ఒక్కొక్కరికి కొన్ని మంచముల నప్పగించి, రోగి పూర్వకథను వ్రాయుట, మూత్రమును రక్తమును పరీక్షించుట మొదలగు పనులను వారిచేతనే చేయించెను. ఇది కేవలము నూతనసృష్టి కాదు. 1714 నుండి లేడెన్ నగరమున బూర్హావే పండితుడు పండ్రెండు మంచముల నడుమ పాఠములు చెప్పియుండెను. 1816లో లండనులోని గైస్ ఆసుపత్రిలో కట్లు కట్టు డ్రెస్సర్లలో కీట్సు మహాకవియు నొకడు. అయినను బాల్టిమోరున ఈ పద్ధతి కొక క్రమమేర్పడెను. విద్యార్థి వ్రాసిన కాగితము రెసిడెంటు పనిని తేలికపఱచుచుండెను. ఆ కాగితములోని తప్పు దిద్దుటయే పాఠమగుచుండెను. బోధనయెక్కడ ముగిసి చికిత్సయెక్కడ మొదలగునో గీతగీసి చూపుట దుర్లభము.

శస్త్రచికిత్సాశాఖలో విలియం హాల్‌స్టెడ్ తీరు వేఱు. ఆయన జర్మనీ పద్ధతులను మెచ్చి, సహాయకునిగ ఆఱేండ్లు, హౌస్ సర్జనుగ రెండేండ్లు గడపనిదే శిష్యుని పైకి రానిచ్చువాడు కాడు. మితభాషి, పైగా తఱచు ఆసుపత్రికి దూరముగ నుండువాడు. కత్తియు, వార్డును, వెంటనున్న చిన్నవారికి చెప్పు భారమును రెసిడెంటు తలపైననే పడుచుండెను. హార్వే కుషింగ్ వంటివారు ఆ బరువుక్రిందనే రాటుదేలిరి. గురువు సన్నిధి యెంత నేర్పెనో, లేమియు నంతియే నేర్పెనని నాకు తోచును.

కాని నిద్రలేని వైద్యునిచేత రోగికి గలుగు కీడును ఆ కాల మంతగా లెక్కింపలేదు. 1984లో న్యూయార్కున రెసిడెంట్ల చికిత్సలో నున్న ఒక యువతి మరణించిన పిమ్మట ఈ విషయము లోకమునకెక్కెను. 1989లో ఆ రాష్ట్రమునను, 2003లో దేశమంతటను రెసిడెంట్ల పనికి వారమునకు 80 గంటల మితి యేర్పడెను. అది న్యాయమే. అయితే గంటలకు లెక్క వచ్చుటతో రెసిడెంటు కొక క్రొత్త చిక్కు పుట్టెను: రోగులను రాత్రివారి కప్పగించి వెడలవలసిన వేళ, విద్యార్థి చెవికి గుండెచప్పుడులోని తేడా అందువఱకు మంచము చెంత నిలిచిన ఆ పావుగంటను ఏ పద్దున వ్రాయవలెను? గుమ్మటము క్రింద కాపురమున్నవారి కీ ప్రశ్న పుట్టియే యుండదు.