రొయ్య పొట్టు నుంచి ఆరోగ్య పదార్థాలు

దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. భీమవరం, కాకినాడ, విశాఖపట్నం, నెల్లూరు ప్రాంతాల ప్రాసెసింగ్ ప్లాంట్లలో తల తీసి, పొట్టు ఒలిచాక రొయ్య బరువులో 40 నుంచి 50 శాతం వ్యర్థంగా మిగులుతుంది. త్వరగా కుళ్లే ఈ వ్యర్థాన్ని కాలువల్లో పారబోస్తే నీరు పాడవుతుంది.

పొట్టులో ప్రధానంగా ఉండేవి కాల్షియం కార్బొనేట్, ప్రొటీన్లు, కైటిన్. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం కాల్షియాన్ని, క్షారం ప్రొటీన్లను తొలగిస్తాయి. మిగిలిన కైటిన్‌ను గాఢ క్షారంలో వేడి చేస్తే కైటోసాన్, గాఢ ఆమ్లంతో విడగొడితే గ్లూకోసమైన్ వస్తాయి. రొయ్యకు ఎరుపు రంగునిచ్చే అస్టాజాంథిన్‌నూ వేరు చేయవచ్చు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ (సిఫ్ట్) కైటిన్, కైటోసాన్ తయారీ పద్ధతులను రూపొందించింది. దీని పరిశోధన కేంద్రం విశాఖలోనూ ఉంది.

ప్రచారమంతా నిజం కాదు. రోజుకు 3 గ్రాముల కైటోసాన్ రక్తంలో కొలెస్టరాల్‌ను సాధారణ స్థాయిలో ఉంచడానికి తోడ్పడుతుందని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2011లో అంగీకరించింది. గ్లూకోసమైన్ కీళ్లకు మేలు చేస్తుందన్న వాదనను మాత్రం అంగీకరించలేదు. రొయ్యలు పడనివారు ఇలాంటి సప్లిమెంట్లు వాడేముందు వైద్యుణ్ని సంప్రదించాలి.

తయారీలో వాడిన ఆమ్లం, క్షారాలను శుద్ధి చేయకుండా వదిలేస్తే ఒక కాలుష్యం పోయి మరొకటి వచ్చినట్లే.