గుంతో: జపాన్ సైనికాధికారి కత్తి, దాని గుర్తింపు

ఆధునిక జపాన్ సైన్యంలో అధికారులు నడుముకు కట్టుకున్న కత్తిని గుంతో అంటారు. రెండో ప్రపంచ యుద్ధం ఆంధ్ర తీరానికి 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద పడ్డ బాంబులుగా తెలుసు. కత్తులు వచ్చింది తర్వాత, జపాన్ లొంగిపోయాక. జపాన్ అధికారులు తమ కత్తులను స్వయంగా అప్పగించాలని ఆగ్నేయాసియాలో మిత్రరాజ్యాల సేనాధిపతి మౌంట్‌బాటెన్ పట్టుబట్టాడు. తెలుగువారు ఎందరో స్థిరపడిన అండమాన్‌లో ఆ ఘట్టం 1945 అక్టోబరులో, పోర్ట్‌బ్లెయిర్ జింఖానా మైదానంలో జరిగింది. అక్కడ జపాన్ వైస్ అడ్మిరల్ హారా బ్రిటిష్ బ్రిగేడియర్ సాలమన్స్‌కు లొంగిపోయాడు. ఇలా ఆగ్నేయాసియా అంతటా అప్పగించిన కత్తుల్లో ఎన్నో జ్ఞాపికలుగా మిత్రరాజ్యాల అధికారుల ఇళ్లకు చేరాయి.

పిడి, ఒర చూస్తే ఏ కాలపు సైన్యమో తెలుస్తుంది. 1886 నమూనాకు ఐరోపా కత్తుల్లా పిడికిలిని కాచే లోహపు కమ్మీ ఉంటుంది. 1934లో పాత సమురాయ్ రూపానికి మళ్లారు: టేకు చేప తోలు మీద అల్లిన పట్టీ, చెర్రీ పూల ముద్రలు, ఒరకు రెండు వేలాడదీసే కడియాలు. 1938 నమూనాకు కడియం ఒకటే. పిడికి పోత లోహం పోసి, అల్లిక ఉన్నట్టు రంగు వేసి, అలుగు మీద వరస సంఖ్య కొట్టి ఉంటే అది 1935 నాటి హవల్దారు స్థాయి కత్తి. దాన్నే అధికారి కత్తిగా అమ్మడం మామూలే.

అలుగు వయసు మాత్రం వేరే లెక్క. తాతల నాటి అలుగుకు సైనిక పిడి, ఒర తొడిగించుకున్న అధికారులు ఎందరో. అసాధారణమైన కత్తుల్లో చాలావాటి రహస్యం ఇదే. పిడిలోని వెదురు చీల తీస్తే లోపలి కాడ బయటపడుతుంది. కమ్మరి ఉలితో చెక్కిన సంతకం ఉంటే అక్కడే ఉంటుంది. చీలకు ఒకటికి మించి బెజ్జాలుంటే అలుగును కురచ చేసి ఉండవచ్చు, పిడి మార్చి ఉండవచ్చు. ‘షో’ లేదా ‘సెకి’ అక్షరపు ముద్ర కనిపిస్తే సాధారణంగా అది యుద్ధకాలపు తయారీ, సంప్రదాయ పద్ధతిలో చేసింది కాదు. నక్షత్రం ముద్ర ఉంటే యుద్ధకాలంలోనే అయినా సైన్యం ఆమోదించిన కమ్మరి పాత పద్ధతిలో చేసినది.

పాత పద్ధతిలో చేసిన అలుగుకు అంచు వెంట తెల్లగా సాగే గీత మరో ఆనవాలు. గుంటూరు పల్లెల్లో కమ్మరి కాల్చిన కొడవలిని నీళ్లలో ముంచినట్టే జపాన్ కమ్మరీ ముంచుతాడు. అయితే ముందుగా వీపుకు మందంగా, అంచుకు పలచగా బంకమట్టి పూస్తాడు. అందువల్ల అంచు గట్టిపడుతుంది, వీపు మెత్తగా మిగులుతుంది; ఆ రెండూ కలిసేచోటే ఈ గీత. నిర్మల్ దగ్గరి కోనసముద్రం ఉక్కుతో చేసిన కత్తిలో అలల గీతలు అలుగంతా పరుచుకుంటాయి. ఈ రెంటినీ కలగాపులగం చేయకూడదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం జపాన్ విభాగంలోని సమురాయ్ కత్తులను చూస్తే కంటికి అలవాటవుతుంది.

కాడ మీది తుప్పును గీకడం ఈ కత్తికి చేయగల అతి పెద్ద అన్యాయం. నల్లబడిన ఆ పొరే వయసుకు సాక్ష్యం. సానబట్టడం, ఉప్పుకాగితంతో రుద్దడం అసలే వద్దు. పిడి కొసన వెండి కుటుంబ చిహ్నం, హోదాను బట్టి రంగు మారే కుచ్చు, ఒరకు కట్టిన పేరు చీటీ ఏది ఉన్నా ఉన్నచోటే ఉంచాలి. యజమాని ఆచూకీకి అవే దారి. 1972 నాటి పురావస్తు చట్టం ఇలాంటి వస్తువును వందేళ్లు నిండాకే పురావస్తువుగా పరిగణిస్తుంది. 1940లలో తయారైన అలుగుకు ఇంకా ఆ వయసు రాలేదు. అదే సైనిక పిడిలో ఉన్న పాత అలుగుకు ఎప్పుడో దాటిపోయి ఉండవచ్చు.