సీలేరు కరెంటు డెల్టాకి ఎలా దిగింది?

రాజమండ్రి దగ్గర బొమ్మూరు సబ్‌స్టేషన్ టవర్లు చూశారా? అంత వోల్టేజి ఎందుకంటారు?

కథ కొండల్లో మొదలైంది. సీలేరు శబరిలో, శబరి గోదారిలో కలుస్తాయి. ఆ సీలేరు మీద, మోతుగూడెం దగ్గర, 1970ల చివర్లో దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం వచ్చింది. నాలుగు యూనిట్లు, ఒక్కోటి 115 మెగావాట్లు.

ఇక లెక్క. పవర్ అంటే వోల్టేజి ఇంటూ కరెంటు. త్రీ ఫేజ్ కాబట్టి ఇంకో 1.73 గుణించాలి. ఒక్క యూనిట్ పవర్‌ని 11 కిలోవోల్టుల దగ్గర పంపితే తీగల్లో సుమారు 6,000 ఆంపియర్లు పారాలి. 220 కిలోవోల్టులకి పెంచితే 300 చాలు.

తీగకీ రెసిస్టెన్స్ ఉంటుంది కదా. తీగ పొడవునా పడిపోయిన వోల్టేజిని కరెంటుతో భాగిస్తే అది వస్తుంది. 1827లో జర్మనీ మాస్టారు ఓమ్ చెప్పిన లెక్కే. వేడిగా పోయే పవర్ మాత్రం కరెంటు ఇంటూ కరెంటు ఇంటూ రెసిస్టెన్స్. అంటే కరెంటు 20 రెట్లు తగ్గితే నష్టం 400 రెట్లు తగ్గుతుంది!

ఇదే లెక్క లైను చివర రొయ్యల చెరువు దగ్గర తిరగబడుతుంది. వోల్టేజి ఐదో వంతు పడితే, అదే పని చేయడానికి ఏరేటర్ మోటారు దాదాపు పావు వంతు ఎక్కువ కరెంటు లాగుతుంది. కాయిల్‌లో వేడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అర్ధరాత్రి ఆ కాయిల్ కాలిందా, నీళ్లలో ఆక్సిజన్ తగ్గి తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది.