కౌంటరు వెనుక మనిషి

రాత్రివేళ ప్రమాదానికి లోనయ్యేవారిని ఎలా కాపాడాలి అన్న ప్రశ్న ఎప్పుడు వచ్చినా పెద్దమనుషులు చెప్పే మొదటి జవాబు ఒకటే: వాళ్లను బయటికి రానివ్వకండి. ఆడపిల్లల హాస్టలు గేటుకు సాయంత్రం ఆరింటికే తాళంపడే కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి కనుక ఈ జవాబు నాకు బాగా పరిచయమే. పబ్బులూ బారులూ మన పత్రికకు ఎక్కదగిన విషయాలా అని కొందరు మిత్రులు ముఖం చిట్లించవచ్చు. కాని అక్కడ రాత్రంతా నిలబడి పనిచేసేది కూలిజనమే. ఆ రక్షణ పథకాల చరిత్ర వారి చరిత్ర కూడా.

1908లో బ్రిటన్‌లో లిబరల్ ప్రభుత్వం ఒక మద్యం లైసెన్సుల బిల్లు తెచ్చింది. పానశాలల్లో స్త్రీలు పనిచెయ్యకుండా కట్టడిచేసే అధికారాన్ని మేజిస్ట్రేట్లకు ఇచ్చే నిబంధన ఒకటి అందులో ఉంది. తాగేవాళ్ల మధ్య ఆడది చెడిపోతుందని సంస్కర్తల బెంగ. ఉన్న ఉద్యోగం ఊడితే ఆమె ఏం తిని బతకాలో మాత్రం వారు చెప్పలేదు. ఈవా గోర్-బూత్, ఎస్తర్ రోపర్ అనే ఇద్దరు మహిళలు బార్‌మెయిడ్ల పక్షాన నిలిచారు. ఆ ఏప్రిల్‌లో వాయవ్య మాంచెస్టర్ ఉప ఎన్నికలో మంత్రి విన్‌స్టన్ చర్చిల్‌కు వ్యతిరేకంగా ప్రచారం చేశారు. ఈవా అక్క కాన్‌స్టెన్స్ మార్కివిచ్ — తరువాత 1916 ఐరిష్ తిరుగుబాటులో ఆయుధం పట్టిన ఆమే — నాలుగు తెల్లగుర్రాల బండి తోలుకుంటూ వీధులు తిరిగింది. చర్చిల్ ఓడాడు. ఆ ఓటమికి వేరే కారణాలూ ఉన్నాయి. అంతా బార్‌మెయిడ్ల ఘనతే అంటే అతిశయోక్తి అవుతుంది. ఏమైతేనేం, ఆ నిషేధం చట్టం కాలేదు.

అక్కడ చెల్లని సరుకు మన దేశంలో చెల్లింది. మద్యం తాగే చోట ఏ స్త్రీనీ, 25 ఏళ్లలోపు ఏ మగవాణ్ణీ పనిలో పెట్టుకోరాదని 1914 నాటి పంజాబ్ ఎక్సైజు చట్టం శాసించింది. ఢిల్లీలో అమలైన ఆ సెక్షను చెల్లదని సుప్రీం కోర్టు 2007 డిసెంబరులో తేల్చింది. స్త్రీ స్వేచ్ఛను కత్తిరించడం కాదు, ఆమె పనిచేసే చోట భద్రత కల్పించడం ప్రభుత్వం పని అన్నది ఆ తీర్పు సారాంశం. అయినా అప్పటికే 2005లో మహారాష్ట్ర ప్రభుత్వం డాన్సు బారులను మూయించి వేలమంది నర్తకుల పొట్టకొట్టింది. మూడు నక్షత్రాలు, అంతకు పైబడ్డ హోటళ్లకు మాత్రం మినహాయింపు! ధనికుల ఎదుట ఆడితే చెడని నీతి పేదల ఎదుట ఆడితే ఎలా చెడుతుందో? ఈ నిషేధమూ 2013లో సుప్రీం కోర్టులో నిలబడలేదు.

ఇంగ్లండులో ఈ ఆలోచన మీద వీధికెక్కిన తిరుగుబాటు 1977 నవంబరు 12న లీడ్స్‌లో జరిగింది. ఒక హంతకుడు వరసగా స్త్రీలను చంపుతుండగా, చీకటి పడ్డాక ఆడవాళ్లు బయటికి రావద్దని పోలీసులు సలహా ఇచ్చారు. చంపేవాడు మగవాడైతే నిర్బంధం మాకెందుకని స్త్రీలు ఊరేగింపు తీశారు.

ఈ నేపథ్యంలోనే 2016 నాటి లింకన్‌షైర్ ప్రయత్నాన్ని చూడాలి. అక్కడి పబ్బుల మరుగుదొడ్లలో ఒక ప్రకటన అంటించారు: వెంట ఉన్నవాడి వల్ల భయం కలిగితే కౌంటరు దగ్గరికి వెళ్లి "ఏంజెలా ఉన్నారా?" అని అడగండి. గోల లేకుండా సిబ్బంది ఆమెను పక్కకు తీసుకుపోయి టాక్సీ పిలుస్తారు, అవసరమైతే పోలీసులకు కబురు చేస్తారు. రావద్దనే మాట మాని, వచ్చినవారి బాధ్యత ఆ స్థలానిదే అని ఒప్పుకోవడం ఇందులోని కొత్తదనం. ఇది చిన్న మార్పు కాదు. 1908లో ఎవరిని రక్షణ పేరిట పనినుంచి తీసెయ్యాలనుకున్నారో ఆ బార్‌మెయిడే ఇప్పుడు రక్షకురాలయింది.

2021 మార్చిలో లండన్‌లో ఒక పోలీసు కానిస్టేబులే ఒక యువతిని అపహరించి చంపాడు. దానికి ప్రభుత్వం ఆలోచించిన మార్గాల్లో ఒకటి, క్లబ్బుల చుట్టూ మామూలు దుస్తుల్లో పోలీసులను తిప్పడం! జనం మండిపడ్డారంటే వింతేముంది? ఏంజెలా పథకానికి నగరమంతటా కొత్తగా ప్రచారం చేసిందీ ఆ ఏడే. కాని 2024లో బి.బి.సి. విలేకరులు రహస్యంగా లండన్‌లో 25 చోట్ల ఆ మాట పలికి చూస్తే సగానికి పైగా చోట్ల సిబ్బంది స్పందించనే లేదు.

వాళ్లను నిందించడం సులభం. గోడమీది కాగితం ఏళ్లతరబడి ఉంటుంది. కౌంటరు వెనుక మనిషి మూడు నెలలకొకసారి మారతాడు. వారానికి ఇన్ని గంటల పని అనే హామీకూడా లేని ఒప్పందాల మీద, చదువుకునే పిల్లలే అక్కడ గ్లాసులు కడుగుతున్నారు. శిక్షణకు పట్టే గంటలకు కూలి ఇవ్వని యజమానికి ప్రకటన అంటించడం చౌక బేరం. పథకం స్వచ్ఛందం అన్నంతకాలం ఈ బేరం సాగుతుంది.

మరి తెల్లవారుజామున మూడింటికి బారు మూసి ఆ పిల్ల ఇంటికి ఎలా పోతుంది? ఈ ప్రశ్నను అడిగింది కార్మిక సంఘమే. స్కాట్లండులో యునైట్ యూనియన్, రాత్రి పని ముగిసినవారిని యజమాని ఖర్చుతో ఇల్లు చేర్చడాన్ని లైసెన్సు షరతుగా పెట్టాలని ఉద్యమించింది. కొన్ని స్థానిక మండళ్లు అందుకు అంగీకరించాయి.