చుక్క ముందు గుమాస్తా

రాయచూరు జిల్లా ఊళ్ల సరిహద్దుల్ని షేప్‌ఫైల్ అనే మ్యాపు ఫైలుగా కంప్యూటర్‌లో తెరిచినవాళ్లకు తరచూ ఒక చిన్న వింత ఎదురవుతుంది. ఊరి పేర్లుండే వరుస నెత్తిన ‘విలేజ్ నేమ్’ అని పూర్తిగా ఉండదు. ‘విలేజ్_ఎన్‌ఏ’ దగ్గర తెగిపోతుంది. షేప్‌ఫైల్లో గీతలు ఒక ఫైల్లో, పేర్లూ అంకెలూ .డీబీఎఫ్ అనే మరో ఫైల్లో ఉంటాయి. ఆ రెండో ఫైలు శీర్షికకు పది ఇంగ్లిషు అక్షరాలకు మించి చోటివ్వదు. ఈ పిసినారితనం మూలం తవ్వుతూ పోతే తగిలేది భూగోళశాస్త్రం కాదు, అమెరికాలో ఒక ఆఫీసులో వేసుకున్న ఫుట్‌బాల్ పందెం.

కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో పనిచేసే వేన్ రాట్‌లిఫ్‌కు 1978లో ఆ పందెం గెలవాలనిపించింది. పేపర్లలో వచ్చే ఆట లెక్కల్ని చేత్తో తేల్చడం అయ్యే పని కాదు. దాంతో ఇంట్లో చిన్న కంప్యూటర్ ముందు కూర్చుని, లాబొరేటరీ పెద్ద కంప్యూటర్‌లో వాడే జేపీఎల్‌డీఐఎస్ అనే డేటాబేస్ పద్ధతిని అనుసరిస్తూ సొంత ప్రోగ్రామ్ రాసుకున్నాడు. త్వరలోనే ఫుట్‌బాల్ వెనకబడి ప్రోగ్రామే ముందుకొచ్చింది. ‘స్టార్ ట్రెక్’ సీరియల్లోని స్పాక్ పాత్ర పుట్టిన గ్రహం పేరిట దానికి వల్కన్ అని పేరు పెట్టాడు.

దాన్ని అమ్మిపెట్టడానికి జార్జ్ టేట్ ముందుకొచ్చాక పేరు డీబేస్-2 అయింది. షేప్‌ఫైల్లోని ఆ .డీబీఎఫ్ ఈ డీబేస్ ఫైలు రూపమే. డీబేస్-1 అనేది ఎన్నడూ లేదు! రెండోది అంటే అప్పటికే పండినదని కొనేవాళ్లు అనుకుంటారని ఎత్తు. కంపెనీ పేరు ఆష్టన్-టేట్, కానీ అందులో ఆష్టన్ అనే మనిషీ లేడు. తర్వాత ఒక మకావ్ చిలకకు ఆ పేరు పెట్టి లోటు తీర్చారు. డీబేస్-2 ధర 695 డాలర్లు. టేట్ 1984లో, నలభై ఏళ్లకే, గుండెపోటుతో పోయాడు.

డీబేస్ తెరిస్తే తెర మీద ఒక చుక్క కనిపిస్తుంది, అంతే. రాయచూరు పత్తి మార్కెట్లో ఒక కమీషన్ కొట్టు గుమాస్తా దాని ముందు కూర్చున్నాడనుకుందాం. ‘యూజ్’ అని కొట్టి పక్కన ఫైలు పేరు రాస్తే ఖాతా తెరుచుకుంటుంది. ‘లిస్ట్’ అని, అయిదు వేలకు మించిన బాకీ అని షరతు పెడితే ఆ రైతుల పేర్లు వరసగా దిగుతాయి. రోజూ కొట్టే ఆ నాలుగు ఆజ్ఞల్నే ఒక ఫైల్లో రాసి దాచుకుంటే అదే ప్రోగ్రామ్. తాను ప్రోగ్రామర్‌నయ్యానని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు, తెలియకపోయినా నష్టం లేదు.

1985లో వచ్చిన డీబేస్-3 ప్లస్ ఇంకో మేలు చేసింది. ఆజ్ఞలు రానివాళ్ల కోసం మెనూ పెట్టి, అందులో ఏది ఎంచుకుంటే దానికి సరిపడే ఆజ్ఞను తెర అడుగున చూపించేది. పని జరుగుతుండగానే పాఠమూ అయిపోయేది. తర్వాతి తరాల్లో చాలా పరికరాలు ఆ అడుగు వరుసను దాచేశాయి. దీనికి సౌలభ్యం అని పేరు పెట్టారు గానీ, దాచింది మెట్లని.

తొంభైలలో అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డులెక్కిన ఫాక్స్‌ప్రో ఈ డీబేస్ సంతానమే. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై పుణెలోని సీడాక్ సంస్థలో పెరిగిన జిస్ట్ కార్డును కంప్యూటర్‌కు తోడు చేస్తే డీబేస్‌లోనే భారతీయ లిపులు నడిచేవి. దాని వెనకున్న ఇస్కీ సంకేతాల్లో కన్నడ ‘క’కూ తెలుగు ‘క’కూ ఒకటే నంబరు. లిపి మార్చితే చాలు, కన్నడంలో ఎక్కించిన మాన్వి, సింధనూరు రైతుల పేర్లు తెలుగులో కనపడాల్సిందే. రెండు భాషలూ ఒకే వీధిలో వినిపించే రాయచూరు లాంటి జిల్లాకు కొలతలు తీసి కుట్టినట్టుండే ఈ ఏర్పాటు యూనికోడ్ వచ్చాక పక్కకు పోయింది. యూనికోడ్‌లో ఏ లిపి అరలు దానివే.

డీబేస్‌కు ముందూ, దాని పక్కనా నడిచిన కథ పొట్టిదే. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రపు జిల్లాగా ఉన్న రాయచూరులో భూమి లెక్కల పహాణీకి గళ్లు గీసేది పైవాళ్లు, నింపేది పట్వారీ. కంప్యూటర్ వచ్చాక గళ్లు సొంతంగా గీసుకునే అవకాశం మొదట విసికాల్క్ (1979), ఆ తర్వాత లోటస్ 1-2-3 (1983) అనే స్ప్రెడ్‌షీట్లు ఇచ్చాయి. 1986లో బెంగళూరులో, మిల్లులకు సరుకు పంపే శ్యామ్ సుందర్ గోయెంకాకు నచ్చిన అకౌంట్ల సాఫ్ట్‌వేర్ దొరక్కపోతే కొడుకు భరత్ రాసిపెట్టాడు. అదే టాలీ. ఖాతాలకు కోడ్ నంబర్లు గుర్తుపెట్టుకునే బాధ దాంతో తప్పింది. కార్డులు పేర్చి సొంత ప్రోగ్రామ్ చేసుకోనిచ్చే 1987 నాటి ఆపిల్ హైపర్‌కార్డ్ అందమైనదే గానీ మనవైపు మాక్‌లే అరుదు.

1992లో ఫాక్స్‌ప్రో కంపెనీని కొన్న మైక్రోసాఫ్ట్, దానికి ఇక కొత్త వెర్షన్ ఉండదని 2007లో చెప్పి, 2015లో మద్దతు ఆపేసింది. మరుసటి ఏడాదే, హైదరాబాదీ సత్య నాదెళ్ల సారథ్యంలో, పవర్ యాప్స్‌ను తెచ్చింది. కోడ్ రాయకుండా యాప్ చేసుకోవచ్చు, మనిషికి ఇంతని నెలనెలా కట్టాలి. ఫాక్స్‌ప్రో గుమాస్తా ఫైలు మాత్రం ఫ్లాపీలో, అతని జేబులో ఉండేది.

ప్రశ్నల్ని లాగి పేర్చి ఫోన్ యాప్ తయారుచేసే కామ్‌కేర్ కూడా ఈ వంశానిదే. కేంద్రం 2018లో తెచ్చిన పోషణ్ అభియాన్ అనే పోషకాహార పథకంలో ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాల అంగన్‌వాడీలకు ఇచ్చిన యాప్‌ను దాని మీదే కట్టారు. 2021లో దాని చోట పోషణ్ ట్రాకర్ వచ్చింది. రాయచూరు అంగన్‌వాడీలకూ ఇప్పుడు అదే. గళ్లు గీసేది ఢిల్లీ, పిల్లల బరువులు నింపేది కార్యకర్త.